కలియుగంలో ఒక వంతు

కింది ఇంటివాళ్లు ఎండు నెత్తళ్లు వేయించిన రోజున మా అపార్ట్‌మెంటులో అందరూ కిటికీలు మూసుకుంటారు. నేను మాత్రం రెండు రెక్కలూ బార్లా తెరుస్తాను. ఆ వాసనతోపాటే అల్లూరుకు తూర్పున మా పల్లె, ఇసుకలో ఆరబోసిన చేపలు, కాకుల్ని తోలుతూ కూర్చున్న ఎనిమిదేళ్ల నేనూ ఇంట్లోకి వచ్చేస్తాం.

అరవైల మొదట్లో, ఎండాకాలం సాయంత్రాల్లో, ఊరి పెద్ద పోలయ్య మామ వల బాగుచేసుకుంటూ మాకు యుగాల కథ చెప్పేవాడు. కృతయుగంలో మనుషులు తాటిచెట్లంత పొడుగట, సముద్రం ఎవరినీ మింగేది కాదట, చేపలు వాటంతటవే వచ్చి గంపల్లో పడేవట, ధర్మం ఆవులా నాలుగు కాళ్ల మీద నడిచేదట. యుగానికో కాలు పోయి ఇప్పుడు ఒంటికాలి మీద కుంటుతోందట. మేము దాన్నే ఆట చేసుకుని, కాళ్లూ చేతులూ ఆనించి మొదలుపెట్టి, చివరికి ఒంటికాలి మీద గెంతుతూ, పడ్డవాళ్లని ప్రళయమని వెక్కిరిస్తూ, ఈతపండ్లు నములుతూ పొద్దుగూకేదాకా ఆడేవాళ్లం. ఆ కథంటే నాకు ప్రాణం. అది వింటే ఒళ్లు మండడం తర్వాత మొదలైంది.

మా నాయన వేటకు పోయి తిరిగి రాలేదు. సముద్రంలో మనిషిని పోగొట్టుకున్న ఇంటికి, పెద్దవల లాగిన ప్రతిసారీ ఒక వంతు చేపలు పెట్టడం మా పల్లె కట్టుబాటు. మా అమ్మ రవణమ్మా, నేనూ, తమ్ముడూ దాని మీదే బతికాం. చేపలు తగ్గిన ఏడు మామ ఆ వంతు ఆపేశాడు. అమ్మ వెళ్లి అడిగితే ఆ కథే ఎత్తుకున్నాడు.

"కలికాలం రవణమ్మా. ధర్మం ఒంటికాలి మీద ఉండాది, నన్నేం చేయమంటావు?"

"దానికి ఒకటే ఉంటే ఉండనీ అన్నా, నాకు రెండుండాయి," అని అమ్మ వచ్చేసింది.

మర్నాడు పొద్దున్నే మగవాళ్లు రెండు వరసల్లో నిలబడి పెద్దవల లాగుతుంటే, అమ్మ కొంగు నడుముకు బిగించి వెళ్లి తాడు పట్టుకుంది. ఆడది తాడు పట్టడం మా పల్లెలో ఎవరూ ఎరగరు. కానీ వల ఒడ్డెక్కేదాకా తాడు పట్టిన చేతిని విడిపిస్తే గంగమ్మకు కోపమొస్తుందనీ, లాగిన ప్రతి చేతికీ వంతు పెట్టాలనీ మామే ఎన్నోసార్లు చెప్పాడు. అందుకని అరిచాడే తప్ప దగ్గరికి రాలేకపోయాడు. కొబ్బరిపీచు తాడుకు అమ్మ అరచేతులు ఒలుచుకుపోయాయి, ఉప్పునీళ్లు తగిలి మంటకు ఏడ్చింది కూడా, వదల్లేదు. మగవాళ్లతో సమానంగా వంతు తెచ్చింది. మధ్యాహ్నం మామిడికాయ వేసిన పులుసుతో అన్నం కలిపి నేనే ఆమె నోట్లో పెట్టాను, ముద్ద పట్టేందుకు ఆమెకు చేతులు రాలేదు. వారం తిరిగేసరికి మరో ముగ్గురు, మొగుళ్లను సముద్రానికి ఇచ్చినవాళ్లే, తాడు పట్టారు. మామ పాత వంతులు మళ్లీ పెట్టాడు.

ఇప్పుడు పెద్దవల లేదు, దాన్ని లాగే వరసలు లేవు, ఊరి వెనక పొలాలన్నీ రొయ్యల చెరువులు. మొన్న మా పల్లె బడిలో మాట్లాడమని పిలిస్తే వెళ్లాను. ఒక పిల్ల లేచి, మీది బంగారు కాలం కదా అమ్మమ్మా, అప్పట్లో లేనివాళ్లకు అడక్కుండానే పెట్టేవాళ్లట కదా అంది. అంతమంది పిల్లల ముందు కూడా నాకు కోపం ఆగలేదు.

"ఎవరూ ఊరికే పెట్టలేదు తల్లీ. అది బంగారు కాలం కాదు, మా అమ్మ ఊరుకోని కాలం."