ముప్ఫై అయిదు సంతలు

1988 ఫిబ్రవరి 29, సోమవారం. గదిలో ఉన్నవారు: పర్సనెల్ ఆఫీసరు గారు, దినకూలీ లచ్చన్న, నేను.

బస్తర్‌లో ఒక ఇనుప గని ఆఫీసులో కంప్యూటర్ పని చూసేవాణ్ణి. చేరిన రోజు నుంచి నాగా లేకుండా 240 రోజులు నిండిన కూలీకి పర్మినెంటు. ఆ రోజులు లెక్కగట్టే కోబాల్ ప్రోగ్రాం రాసింది నేనే. ఆ రోజుతో పని గడువు ముగిసే లచ్చన్నకి అది 236 చూపించింది.

"ఏంది సార్, సంత ముందురోజు చేరిన. నిన్నటితోని ముప్ఫై అయిదు సంతలయినయ్. సంతకు సంతకు నడుమ ఏడు రోజులే గద?" అన్నాడతను.

ఆఫీసరు గారు నవ్వారు. "క్యా రావ్‌జీ, మీ మెషిన్ తప్పా, వీడి సంత తప్పా?"

"మెషిన్ తప్పు చెయ్యదు సార్" అనేశాను. అన్నాక అనుమానమొచ్చి, బల్ల కింద నా రెండేళ్ల డైరీలు తిప్పి లెక్కపెట్టాను. అతను చేరిన జులై 4 నుంచి ఆ రోజు వరకు 241! ప్రోగ్రాంలో అన్ని నెలలకీ ముప్ఫై రోజులే వేశాను.

డైరీలు మూసేశాను. చెబితే రెండేళ్లుగా ఆ లెక్కతో ఇంటికి పంపినవాళ్ల సంగతీ బయటపడుతుంది. లచ్చన్న నా మొహంలోకే చూస్తున్నాడు. ఆఫీసరు గారు అతని పేరు కొట్టేశారు.

ఇన్నేళ్ల డైరీల్లో నేను సిగ్గుపడుతూ తెరిచే పేజీ అదొక్కటే.

మర్నాడు పొద్దున్నే తప్పు ఒప్పుకుంటూ కాగితం రాసిచ్చాను. ఆఫీసరు గారు చదివి, లచ్చన్న పేరు మళ్ళీ రాశారు. నన్ను కూర్చోమనలేదు.

"పాత లిస్టులన్నీ పట్టుకురండి" అన్నారు.