జొరమొస్తే ఏ ఇంట్లో?

1993లో ఖరగ్‌పూర్‌లోని ఒక సర్వే ఆఫీసులో నేను టెంపరరీ క్లర్కుని. ఆ టెంపరరీకి అప్పటికే ఏడేళ్లు నిండాయి. నా తర్వాత చేరినవాళ్లు పర్మనెంటై, ప్రమోషన్లొచ్చి, వేరే ఊళ్లకు బదిలీలు కూడా అయిపోయారు. నా ఫైలు మాత్రం కోల్‌కతాలో ఏ బీరువా కాలి కిందో ఎత్తుగా పనికొస్తోందని మా నాన్న వేళాకోళం చేసేవాడు. నాన్న రైల్వే వర్క్‌షాపులో ఫిట్టరుగా రిటైరై, క్వార్టరు ఖాళీ చేసి, ఆ ఊళ్లోనే తాల్‌బగీచాలో రెండు గదుల ఇల్లు అద్దెకు తీసుకున్నాడు. ఇంట్లో ఆయనా నేనూ మాత్రమే.

మా ఉద్యోగం ఇళ్లకు వెళ్లి ప్రశ్నలడగటం, జవాబులను అంకెలుగా మార్చటం. ప్రశ్నల కాగితాన్ని షెడ్యూల్ అంటాం. ప్రతి జవాబుకూ ఒక కోడ్ ఉంటుంది, అంటే మాటకు బదులు వేసే అంకె. ఆ అంకెలన్నీ పట్టికలో పేర్చటం టాబ్యులేషన్. చూడటానికి ఇంతే. అందుకే మమ్మల్ని చూసి జాలిపడేవాళ్లేగాని ఈర్ష్యపడేవాళ్లు లేరు.

ఆ ఏడు వానలు మొదలయ్యాక మార్తా అనే డచ్చి మేడం మా ఆఫీసుకొచ్చింది. పొడుగాటి మనిషి, మెడలో ఎప్పుడూ తడి తువ్వాలు. యూరప్‌లో నగరాల లెక్కలన్నీ ఒకదానితో ఒకటి పోల్చటానికి వీలుగా చెయ్యాలన్నది ఆమె పని.

"ఒక నగరం, చదువుకోవటానికొచ్చిన విద్యార్థిని తన మనిషిగా లెక్కేసుకుంటుంది. వాడి అమ్మానాన్నలుండే నగరం కూడా వాడిని లెక్కేస్తుంది. ఓడలో పనిచేసే నావికుణ్ణి రెండూ వదిలేస్తాయి. ఆ తర్వాత ఏ నగరం పెద్దదని మేం పోట్లాడుకుంటాం" అందామె.

సగంమంది ఎప్పుడూ రైల్లోనే ఉండే ఊళ్లో నిలబడ్డ ప్రశ్న ఎక్కడైనా నిలబడుతుందని ఎవరో చెబితే, తన షెడ్యూల్‌ని పరీక్షించుకోవటానికి ఖరగ్‌పూర్ వచ్చింది. ఇలా చిన్నగా చేసి చూసేదాన్ని పైలట్ అంటారు.

మా సెక్షన్ ఇన్‌చార్జి చక్రవర్తి దాదా నన్ను పిలిచాడు. ఆయన నోట్లో నా పేరు లక్ష్మి ఎప్పుడూ లొక్ఖీయే.

"లొక్ఖీ, తెలుగు వీధులు నీవి. మేడం మెచ్చుకుంటూ నాలుగు ముక్కలు రాసిందనుకో, ఆ కాగితం పట్టుకుని నేనే కోల్‌కతా వెళ్లి నీ ఫైలు కదిలిస్తాను. వచ్చే శనివారం ఆమె వెళ్లిపోతుంది. ఆ లోపల పట్టిక కావాలి."

ఏడేళ్లలో నా ఫైలు గురించి ఆఫీసులో ఒక మనిషి నోరు విప్పటం అదే మొదలు. ఆ రాత్రి నాకు సరిగ్గా నిద్ర పట్టలేదు.

షెడ్యూల్‌లో అసలు ప్రశ్న ఒక్కటే: 'యూజువల్ రెసిడెన్స్', అంటే మామూలుగా ఉండే చోటు. ఈ ఊరివాడైతే ఒకటో నంబరు, వేరే ఊరి నుంచి వచ్చి ఉన్నవాడైతే రెండో నంబరు, విజిటర్. తెలుగు చెయ్యటం నా వంతు. 'మీరు సాధారణంగా నివసించు స్థలమేది' అని రాస్తే తెలుగు రైల్వేవాళ్లుండే ఓల్డ్ సెటిల్‌మెంట్‌లో నన్ను చూసి నవ్వుతారు. అందుకని కొట్టేసి, 'మీ ఊరు ఏది?' అని రాశాను. మూడే ముక్కలు. నా తెలివికి నేనే మురిసిపోయాను.

ఓల్డ్ సెటిల్‌మెంట్‌లో అంత హాయిగా జరిగిన సర్వే నా సర్వీసులో ఇంకొకటి లేదు. జనం కుర్చీలేసి మరీ చెప్పారు. మాది టెక్కలి. మాది సోంపేట. మాది నరసన్నపేట అవతల. ఒకాయన జీడితోట గట్టు కాడ అన్నగారితో ఉన్న తగాదా మొత్తం చెప్పి, తీర్పు నన్నే చెప్పమన్నాడు. ఇంటింటా టీ తాగి, ఆనందంగా అందరికీ రెండో నంబరు వేసుకుంటూ పోయాను. ఆగి ఆలోచించలేదు. ఆలోచించాల్సిన అవసరం కూడా కనపడలేదు. మా నాన్ననడిగినా అదే చెబుతాడు గదా!

మంగళవారం పట్టిక చూసి చక్రవర్తి దాదా కళ్లజోడు తీసి తుడుచుకున్నాడు.

"లొక్ఖీ, ఓల్డ్ సెటిల్‌మెంట్‌లో మనుషులెవరూ లేరా?"

"ఎందుకు లేరు దాదా, కిటకిటలాడుతున్నారు."

"నీ పట్టికలో నివాసులు సున్నా. అందరూ విజిటర్లే. మీవాళ్లంతా మూడు తరాలుగా చుట్టపు చూపుకొచ్చి ఉన్నారా?"

సెక్షనంతా గొల్లుమంది. నాకు చెవులు కాలిపోయాయి. నవ్వుతున్నవాళ్ల మీద కంటే నా మీద నాకే కోపం వచ్చింది. మార్తా మేడం మాత్రం నవ్వలేదు. బెంగాలీ కాగితం తీసి, దాంట్లో ఎలా అడిగారని దాదానే అడిగింది.

"'దేశ్ కోథాయ్' అని. మీ దేశం, అంటే సొంతూరు, ఎక్కడ అని అర్థం. మావాళ్లు సరిగ్గా చెబుతారు."

"మీరేం చెబుతారు?"

"బరిసాల్" అన్నాడు దాదా గర్వంగా. బరిసాల్ ఇప్పుడు బంగ్లాదేశ్‌లో ఉంది. ఆయన పుట్టింది ఖరగ్‌పూర్ రైల్వే ఆసుపత్రిలో. బరిసాల్‌ని జన్మలో చూడలేదు. ఆయన కళ్లజోడు మళ్లీ తీసి మళ్లీ తుడుచుకున్నాడు. బెంగాలీ పట్టిక విప్పితే అందులోనూ అదే వరస.

శుక్రవారం సాయంత్రానికి కొత్త పట్టిక కావాలి. 'నిన్న రాత్రి ఎక్కడ పడుకున్నారు' అని అడిగితే తిరుగుండదని దాదా తేల్చాడు. బుధవారం పొద్దున్నే మళ్లీ ఓల్డ్ సెటిల్‌మెంట్‌కి సైకిలు తొక్కాను. మొదటి ఇల్లు గౌరమ్మ పిన్నిది. భర్త సింహాచలం బాబాయి గూడ్స్ డ్రైవరు. పిన్ని గుమ్మంలో కూర్చుని చేటలో బియ్యం ఏరుతోంది.

"పిన్నీ, బాబాయి నిన్న రాత్రి ఎక్కడ పడుకున్నాడు?"

చేట కింద పెట్టింది.

"ఏటే లచ్చిమీ, ఏటడుగుతున్నావు? నా మొగుడు ఎక్కడ తొంగున్నాడో నీకెందుకే? నీకెవులేటి సెప్పినారు?"

"ఎవరూ ఏమీ చెప్పలేదు పిన్నీ. సర్కారు కాగితంలో ఉంది."

"సర్కారుకెందుకే ఆడి మంచం గోల! అంటే ఏదో ఉన్నట్టే. ఒలే అప్పలమ్మా, ఇలగ రాయే, ఈ గుంట ఏటో అంతాంది!"

నిమిషంలో వీధి ఆడాళ్లంతా చేరారు. అందరి భర్తలూ లైను మీద తిరిగేవాళ్లే. నేను మొన్న తాగిన టీలన్నీ ఆ పూట కక్కించేటట్టున్నారు. సైకిలు తిప్పుకుని పారిపోదామనుకున్నాను గాని శుక్రవారం గుర్తొచ్చింది. ఏడుపు గొంతుతో ఉన్నదంతా చెప్పేశాను. ఈ కాగితం తప్పితే నా ఉద్యోగం కూడా ఇంతేనన్నాను.

పిన్ని మెత్తబడింది.

"ఓస్, అదా! నాలుగు రోజులు టాటానగర్ రన్నింగ్ రూములో తొంగుంతాడు. డూటీ దిగిన డ్రైవర్లకి మంచాలేస్తారు గదా, అక్కడ. రెండ్రోజులు ఇంజిన్లో. ఇంటికొచ్చేది ఒక్కరోజు, ఆ రోజు కూడా చీట్లపేకే. అలగని ఆడు టాటానగరోడయిపోతాడేటి? జొరమొచ్చినాదంటే మాత్తరం యే ఊల్లో ఉన్నా ఈ గుమ్మంలోకే వచ్చి పడతాడు. గెంజి కాసి పొయ్యాల్సింది నానే గదా!"

నా పెన్సిలు ఆగిపోయింది. కాగితం మీద ప్రశ్న కొట్టేసి అక్కడికక్కడే కొత్తది రాశాను. 'జొరమొస్తే ఏ ఇంట్లో పడుకుంటారు?'

ఆ ప్రశ్నకు ఎవరూ తడుముకోలేదు. "ఇంకెక్కడ, ఇక్కడే" అన్నారు. నిజంగా చుట్టపు చూపుకొచ్చిన బావమరది ఒకాయన, "జొరమొస్తే బేగి పలాస బండెక్కేస్తాను" అన్నాడు. ఆయనకు హాయిగా రెండో నంబరు వేశాను. పెళ్లికాని ఒక కుర్ర గార్డు మాత్రం, "జొరమొస్తే డూటీకెల్తానండి, రూములో అడిగేవోళ్లు లేరు" అన్నాడు. ఆ కాగితం దగ్గర చాలాసేపు కోడ్ వెయ్యలేకపోయాను.

శుక్రవారం పట్టిక చూసి మార్తా మేడం ప్రశ్నను ఇంగ్లీషులో రెండుసార్లు చెప్పించుకుంది. విద్యార్థికి జ్వరమొస్తే ఎక్కడికి పోతాడు, నావికుడు ఎక్కడికి పోతాడు అని తనలో తనే అనుకుని, తడి తువ్వాలుతో మొహం తుడుచుకుంది. వాళ్ల పెద్దల కమిటీ ఈ ప్రశ్న చూసి నవ్వుతుందని, అయినా తీసుకెళ్తానని చెప్పింది. తర్వాత అక్కడ ఏమైందో నాకు తెలియదు. ఆమె రాసిన నాలుగు ముక్కలు మాత్రం దాదా మాట ప్రకారం కోల్‌కతా పట్టుకెళ్లాడు. వెళ్లే ముందు తన సొంత షెడ్యూల్‌లో బరిసాల్ కొట్టేసి, ఎవరూ చూడకుండా ఖరగ్‌పూర్ అని రాసుకున్నాడు. కోడ్ వేసేదాన్ని నేనే కాబట్టి చూశాను.

లెక్క కూడికలో తప్పడం చాలా తక్కువని, అడిగేటప్పుడే తప్పుతుందని ఈ వృత్తిలో నేర్చుకున్నాను. ఆ తర్వాత ఏ షెడ్యూల్ వచ్చినా ముందు గౌరమ్మ పిన్నిని అడిగి చూసేదాన్ని.

దుర్గా పూజలకు ముందు నా పర్మనెంట్ కాగితం వచ్చింది. దాంతో ఒక ఫారం. అందులో 'స్థిర నివాసం' అన్న గడి దగ్గర పెన్ను ఆగింది. నాన్న పక్కన కుర్చీలో ఉన్నాడు. రిటైరైన రోజు నుంచి, వచ్చే నెల ఊరెళ్లిపోతానంటూనే ఉన్నాడు.

"ఏటాలోచిస్తున్నావు? మనూరి పేరు రాయి. రానా అని రాయి" అన్నాడు. రానా మా ఊరు, శ్రీకాకుళం అవతల. నేను చూసింది రెండుసార్లు.

"నాన్నా, నీకు జొరమొస్తే?"

కిటికీలోంచి వర్క్‌షాపు సైరను వినపడింది. నాన్న అలవాటుగా చేతి గడియారం చూసుకుని సరిచేసుకున్నాడు.

"అక్కడ నాకు గెంజి కాసేవోళ్లెవులున్నారు" అన్నాడు చివరికి. "తాల్‌బగీచా అని రాసేయి."