సుట్టి రోజు నెట్ రాని ఇల్లు

2023, ఎండాకాలం. సోలాపూర్ పాత ఊళ్లో కొంతం చౌక్ దగ్గర చిన్న గది అద్దెకు తీసుకుని ఇళ్లకూ, దుకాణాలకూ నెట్‌వర్క్ పనులు చేస్తున్నాను. రౌటర్లు బిగించడం, కెమెరాలు కలపడం, ఆగిన వైఫైని లేపడం. నన్ను పిలిచేవాళ్లలో ఎక్కువమంది మగ్గాలవాళ్లే. ముందు ఇల్లు, వెనక సాంచాల షెడ్డు, అంటే పవర్‌లూమ్‌లు నడిచే రేకుల కొట్టం. రెండింటి మధ్య ఒకటే తలుపు.

ఒకరోజు పొద్దున, ఆ మగ్గాలవాళ్లలో ఒకడైన నర్సయ్య మామ ఫోన్ చేశాడు. "తమ్మీ, జల్దీ రావాలె. పోరికి పరీక్ష ఉన్నది. ల్యాప్‌టాప్ సచ్చింది."

ఆయన కూతురు శ్రావణి పుణెలోని ఒక డిజైన్ కాలేజీకి ప్రవేశ పరీక్ష రాయాలి. ఇంటి నుంచే, కెమెరా ముందు కూర్చుని. పదకొండు దాటితే లాగిన్ మూసేస్తారు. తర్వాత మళ్లీ వచ్చే ఏడాదే. నేను చేరేసరికి పది దాటింది.

ల్యాప్‌టాప్ చావలేదు. నెట్ రావడం లేదు, అంతే. నాకొక వరస ఉంది: తీగ, రౌటర్, వైఫై, ఆ తర్వాతే యంత్రం. భయపడే ఇంట్లో వరస తప్పితే ఆ భయం మనకూ అంటుకుంటుంది. రౌటర్ దీపాలు సరిగ్గానే ఉన్నాయి. అదే వైఫై మీద నా ఫోన్‌లో నెట్ వచ్చింది. ల్యాప్‌టాప్‌లో మాత్రం ఒక్క పేజీ తెరుచుకోలేదు. ఫోన్ హాట్‌స్పాట్‌కు కలిపినా అంతే. లైన్లు రెండూ బాగున్నాయి, యంత్రం బాగుంది, నెట్ లేదు.

"నిన్న మాక్ టెస్ట్ మంచిగనే అయింది అన్నా. నేనేం ముట్టలే, ఒట్టు," అంది శ్రావణి.

"మరి దినమంత దాంట్ల సిన్మలు చూసుడెవలు?" అన్నాడు మామ.

"బాపూ, ఇప్పుడా అది!"

వంటింటి గడపలో నిలబడ్డ శ్రావణి తల్లి నా ఫోన్ వైపు వింతగా చూసింది. "సుట్టి రోజు నీకు నెట్ ఎట్లొచ్చింది తమ్మీ?"

"సుట్టి రోజు రాదా అత్తా?"

"రెండేండ్ల సంది రాదు. సాంచాలకు సుట్టి అంటే నెట్ కంపెనీకి గూడ సుట్టే. వాళ్లు మనుషులు కారా? ఆ రోజు మేం వైఫై బందు వెట్టి ఫోన్ల డాటా మీద నడుపుకుంటం. పరీక్ష గూడ ఫోన్ డాటా మీదనే రాస్తదనుకున్నం."

సుట్టి అంటే వారపు సెలవు, ఏ నెట్ కంపెనీకీ అది ఉండదు. సెలవు షెడ్డుకే. ఆ రోజు మగ్గాలు ఆపడంతో సరిపెట్టరు, షెడ్డు మెయిన్ స్విచ్చే దించేస్తారు. ఇంటికి వేరే మీటరు కాబట్టి ఇంట్లో ఫ్యాను తిరుగుతూనే ఉంటుంది. అంటే షెడ్డు కరెంటు మీద నడిచే ఏదో ఒకటి ఈ ల్యాప్‌టాప్‌కూ నెట్‌కూ మధ్య కూర్చుని ఉంది. సెట్టింగ్స్ తెరిచాను. ప్రాక్సీ సర్వర్: ఆన్. దాని కింద ఇంట్లోనే ఉన్న మరో కంప్యూటర్ చిరునామా.

"షెడ్డుల కంప్యూటర్ ఏమన్న ఉన్నదా మామా?"

"మా తమ్ముడు భివండీ పోకముందు ఒక పాత డబ్బా వెట్టిండు. పిల్లలు, పనోళ్లు పాడు వీడియోలు చూడకుండ ఆపుతదన్నడు."

"మీరు తువ్వాళ్లు నేరుగ గిరాకికి అమ్మరు గద, ఆడ్తి దుకాణంల వేస్తరు, గిరాకికి వాళ్లు అమ్ముతరు. ప్రాక్సీ గూడ అంతే. ల్యాప్‌టాప్ ఏది అడిగినా ఆ డబ్బానే అడుగుతది. డబ్బా బయటికి పోయి తెచ్చిస్తది. ఈయాళ ఆ దుకాణం బందున్నది."

"అయితే స్విచ్ వేసి ఇప్పుడే తెరుస్తా!" అంటూ మామ మెయిన్ స్విచ్ వైపు ఉరికాడు.

"బాపూ, ఆగు! జాబర్ కాక మోటార్ ఇప్పిండు!" శ్రావణి అరుపుకు నా చేతిలోని మౌస్ జారింది.

జాబర్ అంటే మగ్గాలు మరమ్మతు చేసే మేస్త్రీ. అందరికీ సుట్టి అయిన రోజే అతనికి పని. తలుపులోంచి చూస్తే రెండు చేతులూ మోటారులో ఉన్నాయి. "స్విచ్ పేరెత్తింది ఎవడ్రా?" అని లోపలి నుంచి కేక వేశాడు. మామ అక్కడే గడప మీద కూలబడ్డాడు.

డబ్బాను ఇంటి కరెంటుకు తెచ్చి కలిపే టైం లేదు, ఇక ప్రాక్సీని ఆపడమొక్కటే దారి. ఫోన్‌లో ప్రాక్సీ పెడితే అది ఆ ఒక్క వైఫైకే వర్తిస్తుంది, డాటాకు మారితే అడ్డు ఉండదు. ఈ ల్యాప్‌టాప్‌లో మాత్రం మొత్తం యంత్రానికే పెట్టారు. హాట్‌స్పాట్ కూడా పనిచేయకపోవడానికి కారణం అదే. ఆఫ్ చేద్దామంటే ఆ బటన్ కదలలేదు. పిల్లలు తీసేయకుండా శ్రావణి చిన్నాయన తాళం వేసి పెట్టాడు. తాళం తీయాలంటే అతని అడ్మిన్ పాస్‌వర్డ్ కావాలి.

భివండీకి ఫోన్ చేశాం. మోగింది, ఎత్తలేదు. మళ్లీ చేశాం. అక్కడ సుట్టి లేదు, సాంచాల మధ్య ఫోన్ మోగినా వినపడదు. శ్రావణి గోళ్లు కొరుక్కుంటూ గడియారం వైపు చూడకుండా గోడ వైపు తిరిగి కూర్చుంది. చివరికి ఎత్తాడు. చప్పుడు తప్ప ఏమీ వినిపించలేదు. "బయటికి రారా! పోరి పరీక్ష పోతది!" అని మామ వీధికంతా వినపడేలా అరిచాడు. చప్పుడు తగ్గగానే నేను ఫోన్ లాక్కుని, "పాస్‌వర్డ్ మెసేజ్ పెట్టు" అన్నాను.

మెసేజ్ వచ్చింది. టైప్ చేస్తే మొదటిసారి తప్పు పడింది. రెండోసారికి తాళం తెరుచుకుంది. ప్రాక్సీ ఆఫ్ చేశాను. పరీక్ష పేజీ తెరుచుకుంది. లాగిన్ మూసే లోపు శ్రావణి ముఖం కెమెరాలో కనిపించింది. "గది తలుపు మూయండి" అంది మాతో.

పరీక్ష అయ్యేదాకా నేను కదల్లేదు. మాటిమాటికీ రౌటర్ దీపాల వైపే చూస్తుంటే, "అట్ల చూడకు తమ్మీ, నా గుండె దడదడ అంటున్నది," అంది అత్త.

ఆ తర్వాత ఏ ఇంట్లో ప్రాక్సీ పెట్టినా ఇంట్లో అందరినీ కూర్చోబెట్టి మూడు సంగతులు చెప్తున్నాను: అది ఏ పెట్టెలో ఉంది, ఆ పెట్టెకు కరెంటు ఎక్కడి నుంచి వస్తుంది, దాన్ని ఎలా ఆపాలి. ఎప్పుడైనా నెట్ రాదంటే ముందుగా అడిగేది ఒక్కటే: ఏ రోజుల్లో రాదు?

ఆ రోజు పరీక్ష ముగిశాక తలుపు తెరుచుకుంది. శ్రావణి బయటికి వచ్చింది. మేం ముగ్గురం లేచి నిలబడ్డాం.

"డిజైన్ గీసుడు అల్కగనే ఉండె," అంది. "లెక్కలే సంపినయి."

నెట్ మాటే ఎత్తలేదు. మామ నవ్వాడు, అత్త నవ్వింది, నేనూ నవ్వాను. మేమెందుకు నవ్వుతున్నామో అర్థంకాక ఆ పిల్లకు కోపం వచ్చింది. ఆ సీటు రావచ్చు, రాకపోవచ్చు. ఏదైనా అది ఆ పిల్ల రాసిన పేపర్ మీదే తేలాలి, షెడ్డులో ఆగిపోయిన డబ్బా వల్ల కాదు. నా పని అంతవరకే. ఆ సంగతి నాకు ఆ రోజే తెలిసింది.