నాలుగవ డిస్కు

కందావు దీవి దక్షిణపు ఒడ్డున ఉన్న మా ఊరి పాఠశాలలో తరైవిని పంతొమ్మిదేళ్లు గుమాస్తాగా పనిచేసింది. హాజరుపట్టీలు రాయడం, నెలకు రెండుసార్లు వచ్చే పడవకు ఉత్తరాలు సిద్ధం చేయడం ఆమె ఉద్యోగం. ఎవరూ అప్పగించని పని ఇంకొకటి ఆమె తనంతట తానే తలకెత్తుకున్నది. ఊరి నాట్యాలకు పాటలు కట్టగలిగిన చివరి మనిషి ఇనోసి. ఆయన కంఠంలో తప్ప మరెక్కడా పూర్తిగా లేని నలభైయొక్క పాటలను, నాలుగేళ్ల పాటు మధ్యాహ్నాలలో ఆయనను కూర్చోబెట్టి, పాఠశాల కంప్యూటరులోకి ఎక్కించింది. చివరి పాట ముగిసిన కొద్ది రోజులకే పెద్దాయన పక్షవాతంతో మంచాన పడ్డాడు, గొంతు పోయింది.

అదే నెలలో ఉప్పుగాలి తిన్న ఆ కంప్యూటరు లోపల టకటకమనడం మొదలైంది. పాటలను డిస్కుల మీదికి దించక తప్పదు. బీరువాలో ఖాళీ డిస్కులు ఏడే ఉన్నాయి. పడవ రావడానికి పన్నెండు రోజులున్నాయి.

ఈ పనికి ఆమె దగ్గర రెండు ప్రోగ్రాములున్నాయి. మొదటిది ఏ పాటను ఆ పాటగా, ఉన్నదున్నట్టు రాస్తుంది. ఏ డిస్కును ఏ యంత్రంలో పెట్టినా అందులోని పాటలు వినిపిస్తాయి. కాని దానికి పద్నాలుగు డిస్కులు కావాలి. రెండవది పాటలన్నిటినీ అదిమి ఒకే మూటగా కట్టి, ఆ మూటను ఏడు డిస్కులకు సరిపెడుతుంది. అయితే ఏడూ వరుసగా చదివిన తరువాతనే మూట విప్పుతుంది. ఒక్కటి లేకున్నా విప్పదు. ప్రోగ్రాముతో వచ్చిన సూచనలలోని ఆ వాక్యాన్ని ఆమె రెండుసార్లు చదివింది. సగం పాటలనైనా మొదటిదానితో రాద్దామంటే, ఏ సగాన్ని వదిలిపెట్టాలో తేల్చుకోలేకపోయింది. రెండవదానినే ఎంచుకున్నది. ఏడవ డిస్కు బయటికి వచ్చిన మూడవనాడు కంప్యూటరు శాశ్వతంగా ఆగిపోయింది.

ఊరికి చెందినది ఏదైనా మొదట ఊరిపెద్ద ముందు పెట్టాలి; ఆ డిస్కులకూ ఆ రోజు వచ్చింది. సభలలో అందరూ తాగే యంగోనా వేరు పానీయం కలిపారు. పెద్ద తరపున మాట్లాడేవాడు కెలెపి; తరైవినికి మేనత్త కొడుకు, పరిహాసమాడే హక్కు గలవాడు.

"ఏమే మరదలా! నాలుగేళ్ల కిందట మా ఇనోసిని ఆ డబ్బాకిచ్చి పెళ్లి చేశావు. ఇన్నాళ్లకా ఈ ఏడుగురు పిల్లలు?"

"తండ్రి పోలికొచ్చారు, సంతోషించు బావా. నీ పోలికే వచ్చుంటే పాడేవాళ్లు కాదు, గురకపెట్టేవాళ్లు."

అందరూ నవ్వారు. ఊరిపెద్ద ముందు పెట్టినది పంది అయినా, తాబేలు అయినా, బట్ట అయినా ఒక ఇంట ఉండిపోవడం మా ఆచారం కాదు. మా ఊరిలో కుదుళ్లు, అంటే వంశాలు, ఏడు. డిస్కులు కూడా ఏడే కావడం అందరికీ శుభసూచనగా తోచింది. కెలెపి ఒక్కొక్క కుదురు పేరు పిలిచి ఒక్కొక్కటి పంచసాగాడు. నాలుగవది ఇనోసి ఇంటికి వెళ్లింది.

"బావా, వాటిని విడదీయకూడదు. ఏడూ కలిస్తేనే ఒకటి."

"ఒకటే కదా, అందుకే అందరిదీ. కూర్చోవే."

అతడు దోసిలి గుండ్రంగా చేసి మూడుసార్లు చరిచాడు. ఆ చప్పుడు అయిన తరువాత ఎవరూ మాట్లాడరు. ఆమె కూర్చున్నది. ఏడిళ్లూ కేకవేస్తే వినిపించే దూరమే గదా, ఒకే ఇంట ఉంచితే ఒక్క తుపానుకే అన్నీ పోవచ్చు గదా అని తనకు తాను చెప్పుకున్నది. ఆ మాట ఆనాడు తెలివైన మాటగానే కనిపించింది.

అయిదు వారాలకు ఇనోసి పోయాడు. అంత్యక్రియలనాడు తరైవిని వంటపాకలో చామదుంపలు చెక్కుతూనే ఉన్నది. శవపెట్టె మూయడం చూడలేదు. మరో నెలకు పాఠశాలకు కొత్త కంప్యూటరు వచ్చింది. ఆమె అదే ప్రోగ్రామును అందులో ఎక్కించి, ఇల్లిల్లూ తిరిగి డిస్కులు అడిగింది. చివరికి ఇనోసి ఇంటికి వెళ్లింది. ఆయన కూతురు ఉనైసి చాప నేస్తున్నది.

"అది నాన్న చేతుల్లో పెట్టేశాంగా అక్కా."

"ఏ చేతుల్లో?"

"ఆయన గొంతు ఆయనతోనే పోవద్దూ? మిగతా ఇళ్లకి మిగతావి ఉన్నాయి. మా వంతు ఆయనకిచ్చుకున్నాం." ఉనైసి ముఖంలో తృప్తి తప్ప మరేమీ లేదు.

తరైవిని కెలెపి దగ్గరికి పోయింది. ఈసారి అతడు పరిహాసమాడలేదు.

"ఆ మాట నోట్లోంచి రానీకు. సమాధి రాయి కదిపినవాడు ఈ ఊళ్లో బతికాడా? నన్ను అడిగావని కూడా ఎవరితో అనకు మరదలా."

నాలుగవదాని స్థానంలో అయిదవదానిని పెట్టి చూసింది, యంత్రం ఒప్పుకోలేదు. ప్రోగ్రామును అమ్మిన రాజధాని దుకాణానికి ఉత్తరం రాసింది. తరువాతి పడవలో జవాబు వచ్చింది: "దయచేసి నాలుగవ డిస్కు పెట్టండి." సమాధి పాఠశాల కిటికీలోంచి కనిపిస్తుంది. తెల్లని ఇసుక, చుట్టూ రాళ్లు, నలభై అడుగుల దూరం.

మనిషి పోయిన నూరవ రోజున మైల తీరుతుంది. ఆనాడు ఇనోసి కట్టిన పాటకే నాట్యమాడాలని ఊరంతా అనుకున్నది. ముందు రోజు ఉదయం ఉనైసి పాఠశాలకు వచ్చి కంప్యూటరు ముందు కూర్చున్నది.

"ఆరు ముక్కలున్నాయి కదక్కా. ఆ ఆరే వినిపించు, చాలు. మధ్యలోది మేం ఎలాగో కూడదీసుకుంటాం."

"ముక్క కూడా రాదమ్మా. అసలేం రాదు."

"నేను పెట్టిన దానివల్లా?"

తరైవిని మనసులో లెక్క చూసుకున్నది. ఎంచుకున్నది తాను, పంచింది కెలెపి, పాతిపెట్టింది ఈ పిల్ల. ఏ పేరు చెప్పినా పాట రాదు. "కాదులే," అన్నది.

ఉనైసి మెల్లగా తండ్రి పాట ఎత్తుకున్నది. రెండు చరణాలు పాడింది. మూడవది రాలేదు; తండ్రిని చూసే అలవాటుతో, అందించమన్నట్టు యంత్రం వైపు తిరిగింది. తరైవిని కూడా అటే చూసింది.