మూత తీస్తే చక్కెరకేళి

పోయిన వారం మా కింది వాటా పెద్దాయన కూతురు కెల్లర్ ఖాళీ చేయడానికి వచ్చింది. కెల్లర్ అంటే ఇక్కడి ఇళ్ళ అడుగున ఉండే నేలమాళిగ. జర్మనీలోని బ్యోబ్లింగెన్‌లో మేముండే ఈ పాత భవనంలో అది అందరికీ ఉమ్మడి. పెద్దాయన ఈ చలికాలం మొదట్లో పోయారు. ఆయన సైకిలూ, పనిముట్లూ, తోట కుర్చీలూ ఒక్కొక్కటే పైకి చేరవేస్తున్న ఆ అమ్మాయి, మూలనున్న పొడవాటి పెట్టె ఫ్రీజర్ దగ్గర ఆగి, ఇది మీకేమైనా పనికొస్తుందా, లేకపోతే పారేసేవాళ్ళను పిలవనా అని అడిగింది. నేను వెళ్ళి మూత ఎత్తి, ముఖం లోపలికి పెట్టి నిలబడ్డాను. ఆమె వింతగా చూడలేదు. ఆ అలవాటు సంగతి ముందే తెలిసినట్టు నవ్వి, ఒక మాట చెప్పింది. అది విన్నప్పటి నుంచి నా మనసు మనసులో లేదు. ఆ మాట మీకు చెప్పాలంటే ముందు కరోనా రోజుల్లోకి వెళ్ళాలి.

ఆ రోజులు తలుచుకుంటే మీకు ఏం గుర్తొస్తుందో గాని, నాకు మాత్రం నిశ్శబ్దం గుర్తొస్తుంది. ఆఫీసులకు వెళ్ళే పెద్ద రోడ్డు మీద కార్లు లేవు, పొద్దున్నే పిట్టల అరుపులు వంటింట్లోకి వినిపించేవి, ఏది సోమవారమో ఏది శనివారమో తెలియకుండా రోజులు కలలో మాదిరిగా జారిపోయేవి. మా వారి ఆఫీసు భోజనాల బల్ల మీదికి వచ్చి చేరింది. పని లేనప్పుడు ఆయన చేతులు ఊరుకునేవి కావు. కింది వాటా పెద్దాయన రిటైరైన ఎలక్ట్రీషియన్, భార్య పోయాక ఒంటరిగా ఉంటూ, ఇంట్లోనే బీరు తయారుచేసుకోవడం సరదాగా పెట్టుకున్నారు. కెల్లర్ ఎండాకాలం వేడెక్కి, చలికాలం మరీ చల్లబడి బీరు సరిగా పులియడం లేదని ఆయన బాధ. ఈ దేశపు చలికి ఇడ్లీ పిండి రెండు రోజులైనా పొంగడం లేదని మా వారి బాధ, నిజానికి నా బాధ, ఇడ్లీ గట్టిపడితే మాటలు పడేది నేనే కనుక. ఈ రెండు బాధలూ ఒకరోజు మెట్ల మీద కలుసుకున్నాయి.

పెద్దాయన భార్య తోటలో కాసిన పళ్ళు దాచుకునే ఫ్రీజర్ ఒకటి కింద ఖాళీగా పడి ఉంది. ఇద్దరూ కలిసి దాన్ని ఫ్రీజర్ కాకుండా చేసి, పిండీ బీరూ పులియబెట్టే పెట్టెగా మార్చారు. పెట్టె గోడకు చిల్లు పెడితే లోపలి గొట్టాలు తెగుతాయని, పెట్టెకూ మూతకూ మధ్య జానెడు ఎత్తున చెక్క చట్రం బిగించి, వైర్లన్నీ అందులోంచి పోనిచ్చారు. అడుగున మొలకల కుండీల కింద పరిచే, కరెంటుతో వేడెక్కే చాప వేశారు. బయట గోడకు చిన్న మీటరు ఒకటి. ఎంత వెచ్చదనం కావాలో అందులో పెడితే, తగ్గినప్పుడు చాపనూ, పెరిగినప్పుడు ఫ్రీజర్‌నూ అదే నడుపుతుంది. కిటికీ తెరిచి, మాస్కులు పెట్టుకుని, పెట్టెకు ఆ చివర ఒకరూ ఈ చివర ఒకరూ నిలబడి, సగం జర్మన్‌లో, సగం సైగలతో వారాల తరబడి సాగిన పని అది. నేను టీ తీసుకెళ్ళి మెట్ల మీద పెట్టి వచ్చేదాన్ని. మగవాళ్ళకు ఒక్క పెట్టెలో అంత సంతోషం దొరుకుతుందని నాకు అప్పుడే తెలిసింది.

నాకు మాత్రం ఒక పేచీ ఉండేది. మాది రాజోలు దగ్గర పల్లె, నాన్నగారు చర్చిలో సంఘపెద్ద. ద్రాక్షరసం పంచే ప్రభువు బల్లకు సైతం మా ఇంట్లో ఎండుద్రాక్ష నానబెట్టి పిసికిన రసమే ఇచ్చేవారు గాని, పులిసిన చుక్క మా గుమ్మం దాటి లోపలికి రాలేదు. అలాంటి ఇంట్లో పెరిగినదాన్ని, నా పిండి గిన్నె బీరు బకెట్టు పక్కన కూర్చోవడానికి ఎలా ఒప్పుకుంటాను? ఒక విడత పిండి, ఒక విడత బీరు, మధ్యలో వేణ్ణీళ్ళతో పెట్టె కడగాలి అని నియమం పెట్టాను. పెద్దాయనకు ఇందులో ఎంత అర్థమైందో గాని తల ఊపి ఒప్పుకున్నారు.

ఆ చలికాలం మా ఇద్దరికీ కరోనా వచ్చింది. మా వారు తొందరగానే లేచి తిరిగారు. నాకు జ్వరం తగ్గింది గాని, పోయిన వాసన తిరిగి రాలేదు. పోపు మాడినా తెలియదు, కాఫీ వేడి నీళ్ళే, బీరువాలోంచి అమ్మ చీర తీసి ముఖానికి అదుముకుంటే ఉత్త గుడ్డ. వండుతున్నది రుచిగా ఉందో లేదో మా వారు చెబితే తెలుసుకోవాలి. మెల్లగా వస్తుంది, కొందరికి రాకపోవచ్చు కూడా అంది డాక్టరమ్మ. ఆ రెండో మాటే నాలో ఉండిపోయింది. ఇన్నేళ్ళు కాపురం చేసిన మనిషి పక్కన కూర్చున్నా ఎవరో పరాయి మనిషి అనిపించేది. మనవాళ్ళను మనం ముక్కుతో ఎంతగా గుర్తుపడతామో అది పోతేగాని తెలియదు. ఇక నా బతుకంతా ఇంతేనేమోనని భయమేసి, కుళాయి తిప్పి ఆ చప్పుడులో ఏడ్చేదాన్ని.

నాకు వాసన రాదు కదా అన్న ధైర్యంతో మా వారు నా నియమం తప్పారు. పెద్దాయన గోధుమ బీరు పులియబెట్టిన విడతలోనే, ఆదివారం ఫోన్‌లో ఆరాధన అయ్యాక ఇడ్లీ తినాలని ఆశపడి, నేను రుబ్బి ఇచ్చిన పిండి తీసుకెళ్ళి గుట్టుగా బకెట్టు పక్కనే పెట్టేశారు. అంతటితో ఆగినా బాగుండేది. పిండికి వెచ్చదనం చాలదని మీటరు పెంచారు. బీరు నింపాదిగా, కాస్త చల్లగా పులియాలన్న సంగతి ఆయనకు పట్టలేదు. మర్నాడు పొద్దున ఆయన స్నానానికి వెళ్తే, పొయ్యి మీద ఇడ్లీ పాత్ర పెట్టి, పిండి కోసం నేనే కిందికి దిగి మూత ఎత్తాను.

నాన్నగారు చక్కెరకేళి గెల కొట్టించి చీకటి గదిలో మగ్గవేస్తే, రెండు మూడు రోజులకు ఆ గది తలుపు తీయగానే ఒక తీపి గాలి ముఖానికి తగిలేది. అదే గాలి. బ్యోబ్లింగెన్ నేలమాళిగలో చక్కెరకేళి ఎవరు మగ్గవేశారబ్బా అనుకున్నాను గాని, నాకు వాసన తెలుస్తోందన్న సంగతి ముందు తట్టనే లేదు. తట్టాక మెట్లు ఎలా ఎక్కానో గుర్తులేదు.

"ఏవండీ, కింద చక్కెరకేళి ఎవరు పెట్టారండీ?" అని స్నానాల గది తలుపు కొట్టాను.

లోపల నీళ్ళ చప్పుడు ఆగింది. "అరటిపళ్ళేంటే, అక్కడున్నది బీరైతేనూ" అనేశారు. అన్నాక నాలిక కరుచుకుని ఉంటారు. తర్వాత తలుపు కొంచెం తీసి, తడి ముఖంతో, "నీకు వాసనొచ్చిందా?" అని మెల్లగా అడిగారు. పోట్లాట జరగాల్సిన చోట ఇద్దరం ఏడ్చాం.

పెద్దాయన వచ్చి మూత తీసి, ఒక్కసారి పీల్చి ముఖం చిట్లించారు. వేడి ఎక్కువైతే గోధుమ బీరు ఈస్టుకు అలా అరటిపండు వాసన పడుతుందట, తనకైతే అది పాడైపోయినట్టే లెక్కట. మా వారు తప్పు ఒప్పుకుంటూ నా సంగతి కూడా చెప్పారు. పెద్దాయన నా వైపు చూసి, "పొరుగావిడగారూ, ఇంకోసారి పీల్చి చూడండి" అని, నేను మాస్కు తీయడానికి వీలుగా తాను పెరట్లోకి వెళ్ళి తలుపు వేశారు. కెల్లర్ కిటికీ నేలకు సమంగా ఉంటుంది కనుక, మంచులో అటూ ఇటూ కదులుతున్న ఆయన కాళ్ళు మాత్రం నాకు కనిపించాయి.

ఆ తర్వాత బీరు పెట్టిన ప్రతిసారీ ఆయన మా బెల్లు కొట్టేవారు. నేను దిగేదాన్ని, ఆయన పెరట్లోకి వెళ్ళేవారు. ఒక రోజు వాసన అందేది, ఒక రోజు అందేది కాదు. అరటిపండు వెనక లవంగం తెలిసింది, తర్వాత పిండి పులుపు, ఆ తర్వాత నెయ్యి, చెట్లు చిగిర్చే వేళకు అమ్మ చీర. నా నియమం దానంతట అదే మాసిపోయింది, పిండి గిన్నెను నేనే బకెట్టు పక్కన పెట్టడం మొదలుపెట్టాను. ఒక్క చుక్క రుచి చూడలేదు, ఆయనా చూడమనలేదు. ఆదివారాలు ఆయన గుమ్మంలో ఇడ్లీలు పెట్టేదాన్ని; వాటిని జామ్‌తో తింటారని తెలిసి నా ప్రాణం ఉసూరుమంది.

మాస్కులు పోయి, వాసన పూర్తిగా తిరిగొచ్చాక కూడా ఆయన బెల్లు కొట్టడం మానలేదు, నేను దిగడం మానలేదు. ఆ బీరంతా ఆయనే తాగేవారని ఇన్నాళ్ళూ అనుకున్నాను. పోయిన వారం ఆయన కూతురు చెప్పిన మాట ఇది: "అరటిపండు వాసనొచ్చే బీరు నాన్న గొంతు దిగేది కాదు. మీ కోసమని కావాలనే వేడి పెంచి చేసేవారు, తర్వాత తీసుకెళ్ళి తోటలో పారబోసేవారు."

ఇప్పుడు ఇడ్లీ పిండి ఇండియన్ షాపులో ప్యాకెట్లలో దొరుకుతుంది, మా వారు మళ్ళీ రైలెక్కి ఆఫీసుకు వెళ్తున్నారు, మెట్ల మీద ఎదురైనవాళ్ళు చెవుల్లో ఇయర్‌ఫోన్లతో తల మాత్రం ఊపి దాటిపోతున్నారు. ఆ భయపు రోజులు మళ్ళీ రావాలని ఎవరం కోరుకోం. కానీ ఒకరి ముక్కు కోసం తన చేతి పనిని తానే పాడుచేసుకునే తీరిక, ఆ మనసు, మళ్ళీ ఎక్కడ చూస్తాను? ఫ్రీజర్ ఉండనివ్వమన్నాను. దాన్నేం చేసుకుంటావని మా వారు అడిగారు. నిన్న ఒక్కదాన్నే దిగి మూత తీశాను. పాత రబ్బరు వాసన బాగానే తెలిసింది. అలవాటు కొద్దీ కిటికీ వైపు చూశాను. బయట మంచు పడి ఉంది, దాని మీద అడుగులు లేవు.