ఇంజినీరుకు పోసిన మూడు గ్లాసులు

నోటిదాకా వచ్చిన కుళాయి నీళ్లను ఒక్క మర్యాదతో ఒలకబోసిన ఘనురాలిని మా పేట మొత్తానికి నేనొక్కదాన్నే. నవ్వుకోండి, పర్వాలేదు. మా పేటవాళ్లు ఇప్పటికీ నవ్వుతూనే ఉన్నారు.

సంతబొమ్మాళి అవతల, సముద్రం పక్కన మాది ముప్పై గడపల పేట. ఉన్నది ఒక్క చేతిబోరు. ఆకలి రుచెరగదంటారు. దాహమూ అంతే అనేవాడు మా బోరు నీళ్లు తాగి ఉండడు. ఆ నీళ్లతో చేపను కడిగితే ఇక ఉప్పు వేయకుండానే ఎండబెట్టుకోవచ్చు! మా ఆయన కిడ్నీ జబ్బుతో పోయి అప్పటికి రెండేళ్లు. నీళ్ల వల్లేనని కొందరు, కాదని కొందరు. నా ఇద్దరు ఆడపిల్లలకి మాత్రం అవి పోయడానికి చెయ్యి రాక, రెండు ఊళ్ల అవతల నుంచి రోజూ బిందెడు నీళ్లు మోసుకొచ్చేదాన్ని.

కుళాయి కోసం అర్జీల మీద వేలిముద్రలేసి వేలు అరిగిపోయాక, ఒక ఇంజినీరు చూడ్డానికి వస్తున్నాడన్నారు. రోడ్డు పక్క మొదటి ఇల్లు నాది. పక్కింటి నరసమ్మ వదిన ముందురోజే వచ్చి ఆర్డరేసింది.

"ఓలె సూరమ్మా, ఆ బాబు నీళ్లడుగుతాడు. బోరు నీళ్లే ఇయ్యాల. ఒక్క గుక్క దిగితే సాలు, కుళాయి దానంతటదే వచ్చేత్తాది."

"అలాగే వొదినా. నానేటి సిన్నపిల్లనా?"

చిన్నపిల్లయినా నయమే, చెప్పినట్టు చేసేది.

మిట్టమధ్యాహ్నం ఆయన బండి దిగాడు. ఉడకబెట్టిన రొయ్యలా ఎర్రబడిపోయాడు. "అమ్మా, గొంతెండిపోయింది. కాసిని మంచినీళ్లివ్వండి" అన్నాడు.

బోరు నీళ్ల చెంబు పక్కనే ఉంది. నా చెయ్యి మాత్రం బిందె వైపు పోయింది. గుమ్మంలోకి వచ్చినవాడికి ఉప్పునీళ్లు ఎలా పోస్తాం, మీరే చెప్పండి! ఒకటి కాదు, మూడు గ్లాసులు తాగాడు.

"కొబ్బరినీళ్లలా ఉన్నాయమ్మా! ఇంత మంచి నీళ్లుండగా మీకు కుళాయెందుకు?" అంటూ పుస్తకం తీసి రాసేసుకున్నాడు.

అప్పుడే వదిన దిగబడింది. "ఏ నీళ్లిచ్చినావే?"

"బిందెలోవి..."

"నీ మరియాద మండిపోను! ఆయనేటి, నీకు కొత్తల్లుడేటి?"

నిజం చెబితే ఆయన నమ్మడే! "నా నాలుక నాకు అబద్ధం చెబుతుందా?" అంటాడు. చెంబు అందిస్తే, "పొట్టలో చోటు లేదు. అయినా అందులో ఉప్పు కలిపారేమో!" అని బండెక్కబోయాడు.

"పోనీ టీ తాగి ఎల్లండి బాబూ" అన్నాను. నీళ్లొద్దన్నవాడైనా టీ వద్దనడు కదా. "బోరు మీరే కొట్టండి. గిన్నె మీరే పట్టండి."

కొట్టాడు, పట్టాడు. పొయ్యి మీద పెట్టి పాలు పోశాను. ఉప్పునీళ్లకి పాలు ఆగుతాయా? ముక్కలు ముక్కలుగా విరిగిపోయాయి.

"పాలు పాతవేమో" అన్నాడు.

వదిన పరుగెత్తి అప్పుడే పితికిన ఆవుపాలు తెచ్చింది. అవీ విరిగాయి. ఆయన వంగి గిన్నెలోకి చూశాడు. గుమ్మంలో నిలబడ్డ నా పిల్లల వైపు చూశాడు. పుస్తకంలో రాసిందంతా కొట్టేశాడు.

ఆ ఏడే కుళాయి వచ్చింది. తిప్పడానికి ఆయనే వచ్చాడు. నేను పరుగున గ్లాసు నింపి ఇస్తే, పుచ్చుకోడే!

"ముందు టీ పెట్టండమ్మా. విరగకపోతే తాగుతాను."

అందుకే ఆ కుళాయి మీద చెయ్యేసి, అందరూ వినేలా ఒట్టు పెట్టుకున్నాను. పుస్తకంతో వచ్చినవాడికి ఉప్పునీళ్లే. దాహంతో వచ్చినవాడికి మంచినీళ్లే. ఒకే మనిషి రెండింటితోనూ వస్తే? ముందు పుస్తకం లాక్కుంటాను.