ఫిరంగి దిబ్బ మట్టి

మా ఊరి చర్చి నేల కింద మనుషులున్నారు. ఆ సంగతి తెలిసే ప్రతి ఆదివారం అందరూ ఆ నేల మీద చాపలు పరుస్తారు, కుర్చీలు వేస్తారు, స్తోత్రం అంటారు. నేనూ అంటాను. అనేటప్పుడు నా పళ్ళు బిగుసుకుంటాయి.

ఉయ్యూరు దాటి బందరు వైపు వెళ్తుంటే కాలవ పక్కన మా ఊరు. ఊరికి తూర్పున మా సమాధుల తోట, దాన్ని ఆనుకుని ఫిరంగి దిబ్బ. బందరు రేవు ఎవరిదో తేల్చుకోవడానికి తెల్లదొరలు రెండు జట్లుగా అక్కడ కొట్టుకున్నారని పెద్దవాళ్ళు చెప్పేవారు. ఏ పుస్తకంలోనూ మా ఊరి మాట నాకు కనిపించలేదు. ఇనప గుండ్లు మాత్రం కనిపించేవి. ఆ పక్క పొలాలు దున్నితే ఒకటో రెండో బయటపడేవి. మా ఇంట్లో ఒకటి కోళ్ళ గంప మీద బరువుకి ఉండేది.

"దొరలు గుర్రాలెక్కి పోయారే. ఫిరంగులు లాగినోళ్ళు, నీళ్ళు మోసినోళ్ళు ఇక్కడే పడిపోయారు. మనలాంటోళ్ళే," అనేది నానమ్మ.

ఈస్టరు తెల్లవారుజామున మేము సమాధులకి వెళ్ళి కొవ్వొత్తులు వెలిగిస్తాం. నానమ్మ ఎప్పుడూ ఒకటి ఎక్కువ కొనేది. మావాళ్ళందరికీ పెట్టాక, కుచ్చిళ్ళు ఎత్తి పట్టుకుని దిబ్బ ఎక్కి, దాన్ని మట్టిలో గుచ్చేది. ఎవరికని అడిగితే, "పేరు పెట్టి ఏడవడానికి ఎవరూ రానోళ్ళకి," అనేది. ఆవిడ పోయాక ఆ కొవ్వొత్తి నా వంతుకు వచ్చింది. విజయవాడలో టీచరుగా పనిచేసినన్నాళ్ళూ, రిటైరై ఊరికొచ్చాక కూడా, ఈస్టరుకి నేను ఆ దిబ్బ ఎక్కకుండా లేను.

నిరుడు రోడ్డు మెరక చేశారు. చర్చి పల్లమైపోయి, వాన నీళ్ళు పాస్టరు నిలబడి ప్రసంగించే పుల్పిట్ దాకా వచ్చాయి. నేల ఎత్తు పెంచాలని సంఘ కమిటీ కూర్చుంది. కమిటీలో నేనూ ఉన్నాను. కాంట్రాక్టు పనులు చేసుకునే మా సంఘస్థుడు, నాకు వరసకి చెల్లెలి కొడుకు, మట్టి తానే తోలిస్తానన్నాడు. అందరం చేతులెత్తాం. ఎక్కడి మట్టి అని ఒక్కరూ అడగలేదు. పిల్లలకి ముప్పై ఏళ్ళు ప్రశ్నలు అడగడం నేర్పినదాన్ని, నేనూ అడగలేదు.

క్రిస్మస్ వెళ్ళాక కొన్నాళ్ళు విజయవాడ వెళ్ళి, ఒక శనివారం పొద్దున్నే ఊళ్ళో బస్సు దిగి చర్చికి వెళ్ళాను. లోపల మట్టి చదును చేసే ఆడకూలీలు పారలు పడేసి బయట నిలబడ్డారు. వాళ్ళలో పెద్దావిడ చెంగులో ఏదో పట్టుకుని నా దగ్గరికి వచ్చింది.

"టీచరమ్మగారూ, ఇది పశువుది కాదండీ."

దవడ ఎముక. పళ్ళు ఉన్నాయి. అరగని పళ్ళు, కుర్రవాడివి. అది దొరికిన చోటే తుప్పు పట్టిన ఇనప గుండు. మా కోళ్ళ గంప మీద గుండుకి అన్నదమ్ముడిలా ఉంది.

తోటకి వెళ్ళి చూశాను. దిబ్బ సగం లేదు. మిగతా సగం మీద యంత్రం గాట్లు.

తిరిగొచ్చేసరికి మా కాంట్రాక్టరు బైకు దిగుతున్నాడు.

"మట్టి మట్టే కదా పెద్దమ్మా. చర్చికే తోలాను, మా ఇంటిక్కాదుగా."

"మీ నాన్న మీద కప్పిందీ మట్టేరా. రేపు దాన్నీ తోలతావా?"

"అదేంటి, నాన్నని వాళ్ళతో పోలుస్తావ్? వాళ్ళెవరో ఏంటో!"

"ఎవరో తెలీకపోతే తొక్కేయొచ్చని నీకు ఎవరు చెప్పారు? నేనా, సండే స్కూల్లో?"

ఈలోగా పాస్టరు అయ్యగారు వచ్చారు. రెండు రోజులు పని ఆపమన్నాను. మట్టి జల్లించి, దొరికినవన్నీ తోటలో పాతిపెట్టి, ప్రార్థన చేయమన్నాను.

"మధ్యాహ్నానికి కాంక్రీటు వేసేవాళ్ళు వస్తారమ్మా. ప్రతిష్ఠకి తేదీ ఇచ్చేశాం. అయినా వాళ్ళు బాప్తిస్మం తీసుకున్నవాళ్ళో కాదో తెలీదు. ఏ భూస్థాపన క్రమం చదవమంటారు?"

బైబిల్లో దేవుడు ఊపిరి పోసి లేపిన ఎండిన ఎముకల లోయ మీద ఈయన ముప్పావు గంట ప్రసంగించగా విన్నాను. ముందు వరసలో కూర్చుని ఆమేన్ అన్నాను కూడా. అవే ఎముకలు ఆయన గడప దాకా వస్తే ఆయన అడిగింది బాప్తిస్మం సంగతి.

"మీరు చదవకండి అయ్యగారూ. నేను చేసుకుంటాను," అన్నాను. నా గొంతు వీధిలోకి వినిపించిందట.

మధ్యాహ్నం దాకానే గడువు దొరికింది. ఇసక జల్లెడ తెచ్చి, ఆ కూలీ ఆడవాళ్ళూ నేనూ జల్లించాం. పుల్పిట్ వైపు ఒక మూల కూడా పూర్తి కాలేదు. ఒక గంపెడు దొరికాయి. కాంక్రీటు వాళ్ళు వచ్చేశారు. మిగతావాళ్ళ మీద పోసేశారు.

గంప తీసుకెళ్ళి నానమ్మ పక్కన గొయ్యి తీశాం. ఆ ఆడవాళ్ళలో ఇద్దరు మా మతం వాళ్ళు కారు. ఏం చేయాలో తెలియక ఒకరినొకరు చూసుకుంటుంటే పెద్దావిడే అంది: "ఎవరి మనుషులో దేవుళ్ళే తేల్చుకుంటార్లే. ముందు కప్పండే, ఎండకి ఎండిపోతున్నారు."

నేను ప్రార్థన చేశాను. యుద్ధాలు చేయించిన దొరల పేర్లు బోర్డు మీద రాసి పిల్లల చేత చదివించినదాన్ని నేను. ఈ గంపలోవాళ్ళవి ఒక్క పేరు చెప్పలేకపోయాను. "ప్రభువా, వీళ్ళ పేర్లు నీకు తెలుసు," అన్నాను. అందరం కలిసి గొయ్యి కప్పాం.

తర్వాత నెలంతా మా సంఘం ఆడవాళ్ళు నాకు బుద్ధి చెప్పారు. సూర్యుడు అస్తమించేలోగా కోపం విడిచిపెట్టాలి కదా టీచర్‌గారూ అన్నారు. ఆ బైబిలు మాట వాళ్ళకి చిన్నప్పుడు కంఠస్థం చేయించింది నేనే. విడవలేదు. విడిస్తే ఆ నేల కింద ఉన్నవాళ్ళని తలచుకునే మనిషి కూడా ఉండదు.

ఈస్టరు వచ్చింది. మిగిలిన సగమూ పోయి, దిబ్బ ఉన్నచోట గొయ్యి, గొయ్యిలో పచ్చటి నీళ్ళు. మావాళ్ళకీ, నానమ్మకీ, పక్కన ఆ గంపెడు మట్టికీ వెలిగించాను. ఎక్కువ కొన్న కొవ్వొత్తి చేతిలో ఉండిపోయింది.

దాన్ని చర్చికి తీసుకొచ్చాను. ఆరాధన ఇంకా మొదలుకాలేదు. పుల్పిట్‌కి ఎదురుగా, కొత్త తెల్ల టైల్స్ మీద నాలుగు మైనపు చుక్కలు పోసి, కొవ్వొత్తిని నిలబెట్టాను.

మా కాంట్రాక్టరు పరుగెత్తుకొచ్చాడు. "పెద్దమ్మా, మరక పడుద్ది! మైనం పోదు!"

"పోకూడదనే," అన్నాను. అది పూర్తిగా కరిగేదాకా పక్కనే నిలబడ్డాను. ఆ రోజు అందరూ నా చుట్టూ తిరిగే వెళ్ళి కూర్చున్నారు.